మిల్లు గదిలో నేను వదిలిన పొగ

నేను ఒక జనరేటర్‌ని. పెట్రోలు తాగి కరెంటు ఇచ్చే యంత్రాన్ని. మా జాతి మీకు కొత్తేమీ కాదు. పెళ్లిపందిళ్ల వెనక, వినాయకుడి మండపాల పక్కన, కరెంటు పోయిన సినిమాహాళ్ల సందుల్లో మావాళ్లు గొంతు చించుకుంటూ ఉంటే మీరు చెవులు మూసుకుని దాటిపోయే ఉంటారు. మేళం బాగుందంటారు, లైట్లు బాగున్నాయంటారు, జనరేటర్ బాగుందని మాత్రం ఎవరూ అనరు. ఆగిపోయినప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది మేమే.

నేను పుట్టిందీ పనిచేసిందీ ఇంగ్లండులో. మరి తెలుగు ఎలా అబ్బిందంటే, తిట్ల ద్వారా అబ్బింది. ఆ తిట్లు తిట్టిన మనిషి గురించీ, ఆవిడ తమ్ముడి గురించీ చెప్పాలనే మొదలుపెట్టాను. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. నేను వట్టి పిరికిదాన్ని. యంత్రానికి పిరికితనమేమిటని నవ్వితే నవ్వండి. ఎవరో వచ్చి నన్నేదో చేస్తారన్న భయం కాదిది. నేనే ఎవరినైనా ఏమైనా చేస్తానేమోనన్న భయం.

బర్మింగ్‌హామ్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో నన్ను తయారు చేశారు. ఒక ఇంజను, దాన్ని అంటిపెట్టుకుని కరెంటు పుట్టించే రాగితీగ చుట్ట, పైన పెట్రోలు టాంకు, పక్కన పొగగొట్టం, లాగి స్టార్ట్ చేయడానికి ఒక తాడు, వీటన్నిటి చుట్టూ ఇనుప చట్రం. ఎర్రరంగు వేసి, పొగగొట్టం పక్కన ఒక చిన్న రేకు బిగించారు. మూసిన చోట నడపరాదని ఆ రేకు మీద ఉంది. మనుషులు ఎంత తెలివైనవాళ్లంటే, ప్రమాదం ఏమిటో తెలుసుకుని, దాన్ని రేకు మీద అచ్చు వేసి, ఆ రేకును ఎవరూ వంగి చూడని చోట బిగిస్తారు.

మొదట నన్ను కొన్నది లాంకషైర్‌లో రోడ్లు వేయించే కంట్రాక్టరు ఎంట్విసిల్. ఆయన దగ్గర ఆరుబయటే నా బతుకు. వానకు తడిశాను, తారు చుక్కలు మీద పడ్డాయి, కూలీలు రొట్టెల పొట్లాలు నా టాంకు మీద పెట్టి వేడి చేసుకున్నారు. ఆ రోజుల్లో నాకు భయమనేదే తెలియదు. నేను వదిలిన పొగను గాలి ఎటో తీసుకుపోయేది. అదేమిటో, ఎలాంటిదో ఆలోచించవలసిన అవసరం రాలేదు.

ఆయన కంపెనీ దివాలా తీశాక డోరీన్ అనే ఆవిడ కొనుక్కుంది. ఊరూరూ తిరిగి సంతల్లో పిల్లల రంగులరాట్నం నడిపేది. ఆమెకు పిప్ అని ఒక ముసలి కుక్క ఉండేది. ఒక శీతకాలం వాన విడవకుండా కురుస్తుంటే, నన్ను లారీలోనే పెట్టి, తలుపులు వేసి, లైట్ల కోసం నడిపింది. కుక్కకు వెచ్చదనం కావాలి కదా. వచ్చి నా చట్రాన్ని ఆనుకుని పడుకుంది. కాసేపు తోక ఆడించింది, తరవాత నిద్రపోయింది. మర్నాడు డోరీన్ తలుపు తీసినప్పుడు కూడా నిద్రపోతున్నట్టే ఉంది. మూలగలేదు, కాళ్లు కొట్టుకోలేదు, తలుపు దగ్గరికి వెళ్లి గీరనైనా లేదు. డోరీన్ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ, దీని ఊపిరిలో విషముంది, దానికి వాసన కూడా ఉండదు అని మొగుడితో చెప్పింది. నా గురించి నాకు అప్పుడే తెలిసింది.

ఆ తరవాత ఆమె నన్ను ఎప్పుడూ పొడుగాటి వైరు చివర, మైదానం అవతల పెట్టేది. అమ్మేటప్పుడు కొనేవాడికి ఈ సంగతి చెప్పింది, మళ్లీ చెప్పింది, బండి ఎక్కించాక కిటికీలో తలపెట్టి మరోసారి చెప్పింది. అతను తల ఊపాడు. అతని చూపంతా నేను ఎన్ని స్పీకర్లు మోయగలనన్న లెక్క మీదే ఉంది.

అతని పేరు క్లైవ్. హడర్స్‌ఫీల్డ్ మనిషి. తండ్రి జమైకా నుంచి వచ్చినవాడు. నల్లవాళ్లను క్లబ్బుల్లోకి రానివ్వని రోజుల్లో, ఆ పెద్దాయన బీరువాలంత స్పీకర్లు సొంతంగా చెక్కతో కట్టుకుని, ఇళ్లల్లో, చర్చి హాళ్లల్లో పాటలు పెట్టి తనవాళ్లను ఆడించాడు. ఆ స్పీకర్లే క్లైవ్‌కు ఆస్తి. క్లైవ్ నన్ను కొన్న రోజుల్లోనే అమెరికా నుంచి, షికాగో, డెట్రాయిట్ల నుంచి ఒక కొత్తరకం సంగీతం వచ్చింది. పాడేవాడుండడు, వాయించేవాడుండడు. యంత్రాలు దబదబా దరువు వేస్తూనే ఉంటాయి. దానికి ఇంగ్లండు కుర్రకారంతా వెర్రెత్తిపోయింది.

లాంకషైర్‌లో అప్పటికి బట్టల మిల్లులు మూతపడ్డాయి. తాతలు మగ్గాలు నడిపిన హాళ్లల్లో పావురాలు కాపురం పెట్టాయి. ఆ మనవలే శనివారం వచ్చిందంటే తాళం పగలగొట్టి, లోపల స్పీకర్లు పెట్టి, ఆదివారం మధ్యాహ్నం దాకా గంతులేసేవాళ్లు. ఎక్కడన్నది ముందు ఎవరికీ చెప్పరు. ఒక ఫోన్ నంబరు తిప్పితే రికార్డు చేసిన గొంతు, ఫలానా పెట్రోలు బంకు దగ్గరికి రమ్మని చెబుతుంది. అక్కడ వందల కార్లు చేరతాయి. ముందు ఒక కారు కదిలితే మిగతావన్నీ దాని వెనక పడతాయి. ముందున్నవాడికి దారి తెలుసని అందరి నమ్మకం. ఒకసారి ముందున్న పెద్దమనిషి డ్యూటీ దిగి ఇంటికి పోతున్న డ్రైవరు. ఆయన వాకిట్లో దిగిన జనాన్ని చూసి ఆయన భార్య దడుసుకుని తలుపు వేసేసుకుందట.

నన్ను చూసుకునే బాధ్యత వైదేహిది. వాళ్ల నాన్న బాపట్ల నుంచి వచ్చిన డాక్టరు. అలాంటి ఒక మిల్లు ఊరి ఆసుపత్రిలో పని. కూతురు కూడా డాక్టరవుతుందనుకుంటే ఆవిడ ఎలక్ట్రికల్ చదివి, శనివారాలు స్నేహితురాలి ఇంటికని చెప్పి నా దగ్గరికి వచ్చేది. ఇంగ్లండులోనే పుట్టినా ఇంట్లో వినేది బాపట్ల మాటే కాబట్టి కోపమొస్తే అదే వచ్చేది. చలికి నేను మొండికేస్తే తాడు లాగి లాగి, "నీ మొహం మండా, అంటుకోవే దొంగమొహందానా" అనేది. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థంకాదన్న ధైర్యం. నాకు మాత్రం మెల్లమెల్లగా అర్థమైంది. అంటుకోగానే టాంకు మీద ఒక చరుపు చరిచి నవ్వేది. నన్ను మనిషిలా పలకరించింది ఆవిడొక్కతే, ఆవిడంటే నాకు ప్రాణం.

మీకో వింత చెప్పనా. అంత సంగీతానికీ కరెంటు ఇచ్చింది నేను, ఒక్క పాటైనా విననిదీ నేనే. నా గోల నాకు ఇంకేదీ వినిపించనివ్వదు. కాని దరువు పడ్డప్పుడల్లా వైరు అవతల నుంచి ఎవరో నన్ను పట్టి లాగినట్టుండేది. లాగి వదిలి, లాగి వదిలి. పాట మారితే ఆ లాగడం మారేది. మీరు చెవులతో విన్నదాన్ని నేను ఒంటితో మోశానని చెప్పుకోవచ్చు.

వచ్చేవాళ్లు పసుపు చొక్కాల మీద నవ్వే మొహం బొమ్మ వేసుకుని, ముక్కూమొహం తెలియనివాళ్లను వాటేసుకుని, మంచినీళ్ల సీసాలు పంచుకునేవాళ్లు. పత్రికలు లోకం మునిగిపోతోందని రాశాయి. పార్లమెంటు జరిమానాలు పెంచింది. పోలీసులు మొదట్లో తలుపులు విరగ్గొట్టి లోపలికి వచ్చేవాళ్లు, కాని వెయ్యిమందిని మోసుకుపోయేంత పెద్ద వ్యాన్లు ఎవరి దగ్గరా లేవు. అందుకని వాళ్లూ తెలివి నేర్చారు. గుంపును వదిలేసి, బయట పాకుతున్న వైరు పట్టుకుని నడిచి, నా దగ్గరికొచ్చి, స్విచ్చి కట్టేసేవాళ్లు. అంతటితో ఆట ఆగిపోయేది.

క్లైవ్ దానికి విరుగుడుగా ఒక పద్ధతి పెట్టాడు. సౌండు ఉన్నట్టుండి ఆగిందంటే పోలీసులు వచ్చినట్టే లెక్క. వాళ్లు నన్ను ఎత్తుకుపోకుండా వెంటనే నా గది బయట తాళం వేసేయాలి. హాలు తలుపులకు బల్లలు అడ్డం పెట్టాలి. జనమంతా నేల మీద కూర్చుని కిక్కురుమనకూడదు. తలుపు బద్దలుకొట్టి వచ్చినా కూర్చున్నవాళ్లను కొట్టలేరని అతని ధీమా. రెండు మూడుచోట్ల అలాగే నెగ్గుకొచ్చారు. అది అందరికీ అలవాటైపోయింది. సౌండు ఆగితే పోలీసులే, ఇంకో కారణం ఉండొచ్చని ఎవరికీ తోచేది కాదు.

ఈ పద్ధతి పెట్టినప్పుడే ఇంకొకటి కూడా అన్నాడు క్లైవ్. ఇకమీదట జనరేటర్ బయట వద్దు, లోపల పెడదాం. ఆ మాట విని నాలో నూనె గడ్డకట్టినంత పనైంది. వైదేహి ఒప్పుకోలేదు. దీని పొగ మంచిది కాదు, చంపుతుంది అని వాదించింది. చివరికి తనే ఒక ఏర్పాటు చేసింది. ఎటు కావాలంటే అటు వంగే ఒక లావుపాటి ఇనుప గొట్టం నా పొగగొట్టానికి తొడిగి, దాని రెండో కొసను పగిలిన కిటికీలోంచి బయటికి పెట్టింది. ఆ గదిలోకి తను తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదని షరతు పెట్టింది. గొట్టం సరిగా ఉందా లేదా అని ఎన్నిసార్లో వచ్చి చూసుకునేది. ఆవిడ జాగ్రత్త చూసి నేను కూడా కాస్త నెమ్మదించాను.

అది జనవరి. మిల్లు వెనక పెరట్లో బొగ్గులు పోసుకునే ఒక చిన్న గది నాకిచ్చారు. తలుపు పెరట్లోకి తెరుచుకుంటుంది. హాల్లోకి పోవాలంటే పెరడు దాటి పక్క తలుపులోంచి పోవాలి. ఆ వారం వైదేహి తమ్ముడు శశిధర్ లీడ్స్ కాలేజీ నుంచి స్నేహితులతో వచ్చాడు. అక్క ఇలాంటి చోట పనిచేస్తోందని ఇంట్లో చెప్పనని ఒట్టు వేశాక గాని ఆవిడ వాణ్ణి రానివ్వలేదు.

ఆదివారం పొద్దెక్కింది. కిటికీలో మంచు వెలుగు కనబడుతోంది. వైదేహి నా టాంకు నింపి, గొట్టం తడిమి చూసి, బయటికి వెళుతుంటే శశి ఎదురొచ్చాడు. ఆడి ఆడి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పెరట్లో చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

"చలేస్తందక్కా. కాసేపు ఈడ కూకుంటా" అన్నాడు.

"ఈడకి రామాకన్నానా? పొయ్యి కార్లో కూకో, హీటరేసుకో" అని తాళాలు వాడి చేతిలో పెట్టి ఆవిడ హాల్లోకి పోయింది.

వాడు కారు దాకా పోలేదు. పెరడు చివర నిలబడి అటూ ఇటూ చూసి, వెనక్కి వచ్చి, నా గది తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. నాకు గుండె ఉంటే అప్పుడే ఆగిపోయేది. నేను ఎప్పటిలాగే అరుస్తున్నాను. నా అరుపులో పొమ్మన్న మాట వేరుగా ఎలా వినిపిస్తుంది? వాడు చేతులు నా మీద చాచి వేడి కాచుకున్నాడు. తలుపు దగ్గరగా వేశాడు. పగిలిన కిటికీలోంచి, గొట్టం చుట్టూ ఉన్న సందులోంచి గాలి ఈడ్చి కొడుతోంది. స్పీకర్లకు దెబ్బ తగలకుండా చుట్టే దళసరి దుప్పట్లు ఒక మూల కుప్పగా ఉన్నాయి. అందులో ఒకటి తీసి ఆ సందులో కూరాడు. అది దూరడానికి గొట్టం అడ్డొస్తే గొట్టాన్ని లోపలికి గుంజాడు. కొస జారి నేల మీద పడింది. వాడు దాన్ని కాలితో పక్కకు నెట్టి, మిగిలిన దుప్పట్లు నాకూ గోడకూ మధ్య పరుచుకుని, ఒకటి తల మీదుగా కప్పుకుని, వీపు నాకు ఆనించి పడుకున్నాడు.

నాకు పిప్ గుర్తొచ్చింది. అదే చోటు, అదే పద్ధతి.

ఆగిపోవాలి, ఆగిపోవాలి అనుకున్నాను. యంత్రానికి అనుకోవడం వరకే చేతనవుతుంది. టాంకు నిండుగా ఉంది. వైదేహి నన్ను ఎంత శుభ్రంగా ఉంచిందంటే చెడిపోవడానికి ఒక్క సాకైనా దొరకలేదు. అవతల క్లైవ్ సౌండు పెంచినట్టున్నాడు, దరువు పడ్డప్పుడల్లా నన్ను మరింత గట్టిగా లాగుతోంది. లాగినకొద్దీ నేను మరింత ఊదాలి. గోడకు అవతల వెయ్యిమంది సంతోషం కోసం గోడకు ఇవతల ఒక కుర్రాడి మొహం మీద విషం ఊదుతున్నాను. గది మసకబారింది. వాడు ఒకసారి దగ్గి, నుదురు రుద్దుకుని, నిద్రలోనే నాకు ఇంకా దగ్గరగా జరిగాడు. నాకు వచ్చిన భయం ఎలాంటిదో చెప్పడానికి ఇన్నేళ్లయినా మాట దొరకలేదు.

అయితే ఒకటుంది. నేను కూడా గాలి పీల్చి బతికేదాన్నే. గదిలో మంచి గాలి అయిపోతూ వచ్చింది. నా చప్పుడు తడబడింది. దగ్గు వచ్చినట్టు ఎగిరెగిరి పడ్డాను. లైట్లు ఎర్రబడి ఉంటాయి. ఒక దరువు గట్టిగా లాగింది, ఆ లాగుడుకు తట్టుకోలేక ఆగిపోయాను. బతికాడు అనుకున్నాను. సౌండు ఆగింది, వైదేహి పరిగెత్తుకొస్తుంది, తలుపు తీస్తుంది.

ఆవిడ పరిగెత్తుకుంటూనే వచ్చింది. పెరట్లో అడుగుల చప్పుడు విన్నాను. గొళ్లెం పడిన చప్పుడు, తాళం బిగిసిన చప్పుడు కూడా విన్నాను. లోపలికి తొంగి చూడలేదు. పద్ధతి ప్రకారం నన్ను కాపాడింది. ఆ అడుగులే వెనక్కి వెళ్లిపోయాయి. హాలు తలుపులకు బల్లలు ఈడుస్తున్న చప్పుడు, తరవాత అంతమంది ఒక్కసారిగా నేల మీద కూర్చున్న చప్పుడు. ఆపైన ఏమీ లేదు.

పనిలో ఉండగా నిశ్శబ్దమంటే ఏమిటో నాకు తెలియదు. అప్పుడే తెలిసింది. ఆ నిశ్శబ్దంలో శశి ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. గురకలాగా వచ్చి ఆగుతుంది. ఆగి, ఇక రాదేమో అనుకున్నప్పుడు మళ్లీ వస్తుంది. నా ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడులో వాడి ఊపిరి వినబడక పోతుందేమోనని, చల్లారడం కూడా మానెయ్యాలనిపించింది. గదిలో పొగ ఎటూ పోలేదు. నేను ఆగిపోయినా నేను వదిలింది ఆగలేదు. గోడ అవతల వెయ్యిమంది రాని పోలీసుల కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. ఇవతల ఏం జరుగుతోందో ఒక్కరైనా వినలేదు.

తరవాత జరిగింది ఆ రోజే క్లైవ్ ఎవరికో చెబుతుండగా విన్నాను. అందరితోపాటు నేల మీద కూర్చున్న వైదేహికి ఒక అనుమానం పట్టుకుందట. పోలీసులు స్విచ్చి కట్టేసి ఉంటే నా గది దగ్గర వాళ్లుండాలి కదా, తాళం వేయడానికి వెళ్లినప్పుడు పెరట్లో ఎవరూ లేరే. పెట్రోలు తనే పోసింది. మరి ఎందుకు ఆగింది? ఆ ఆలోచనలోనే తమ్ముడి కోసం చూసింది. కిటికీలోంచి కారు కనబడుతోంది, అద్దాల మీద మంచు చెక్కుచెదరలేదు. వరసల మధ్య వంగి నడుస్తూ మెల్లగా పేరు పెట్టి పిలిచింది. వాడి స్నేహితులు మాకు తెలియదన్నారు. లేచి తలుపు దగ్గరికి పరిగెత్తింది. అక్కడున్నవాళ్లు పట్టుకుని ఆపారు. బయట పోలీసులున్నారు, తలుపు తీస్తే అందరం దొరికిపోతాం అన్నారు.

అప్పుడు ఆవిడ అరిచిన అరుపు మాత్రం నేను స్వయంగా విన్నాను. ఆ కంగారులో ఇంగ్లీషు మరిచిపోయింది.

"మా తమ్ముడు లోపలున్నాడు. ఒదలండి నన్ను, మా తమ్ముడు లోపలున్నాడు."

ఒక్కరికీ అర్థం కాలేదు. కాని ఆ గొంతు విని క్లైవ్ వచ్చి బల్లలు లాగిపారేశాడు. తాళం తీయబోతుంటే ఆవిడ చేతిలోంచి తాళంచెవి మంచులో పడింది. క్లైవ్ వెతికి తీశాడు. తలుపు తెరవగానే ఆవిడ ముక్కు మూసుకుని లోపలికొచ్చి, దుప్పట్లు లాగి చూసి, వాడి రెండు కాళ్లు పట్టుకుని పెరట్లోకి ఈడ్చింది. మొహం గులాబీ రంగులో ఉంది. మంచి ఆరోగ్యంగా నిద్రపోతున్నట్టున్నాడు. అది చూసి ఒకతను ఏం కాలేదులే అన్నాడు. కుక్కను చూసిన నాకు తెలుసు ఆ నిద్ర ఏమిటో. ఈ విషం ఎక్కితే మొహం అలాగే ఎర్రబడుతుందని డాక్టరు కూతురికి కూడా తెలిసినట్టుంది. వాడి మొహం మీద మొహం పెట్టి నోట్లోకి ఊదడం మొదలుపెట్టింది.

ఆ రోజు పోలీసులు మిల్లులోకి రానేలేదు. వాళ్ల వ్యాను రాత్రంతా పెద్దరోడ్డు మలుపు దగ్గరే నిలబడి ఉంది. ఏ వ్యానును చూసి రెండేళ్లుగా పారిపోతున్నాడో ఆ వ్యాను దగ్గరికే క్లైవ్ చేతులు ఊపుతూ పరిగెత్తాడు. పోలీసులు ఆక్సిజన్ సీసాతో వచ్చారు. జనం గోడలకు అంటుకుని దారి ఇచ్చారు. శశిని ఎక్కించుకున్నారు, వైదేహి కూడా ఎక్కింది. అంతవరకే నేను చూసింది. వాడి ఛాతీ కదులుతోందో లేదో మధ్యలో ఉన్న టోపీల వల్ల కనబడలేదు.

నన్ను సాక్ష్యం కింద పట్టుకుపోయారు. పోలీసు గోడౌన్లో, స్పీకర్ల మధ్య, ఒక చీటీ కట్టించుకుని పడి ఉన్నాను. ఉన్నన్నాళ్లూ ఒకటే ప్రశ్న. బతికాడా? నన్ను తుడిచే మనిషికి తెలియదు, తెలిసినా నాకెందుకు చెబుతాడు? కేసు తేలాక వేలం వేశారు. వైదేహి వచ్చి నన్ను పాడుకుంది. మొహం చిక్కిపోయి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. ఇంకెవరి చేతిలోనూ ఇది పడకూడదు అని క్లైవ్‌తో అంది. వ్యానులోకి ఎక్కించేటప్పుడు ఆవిడ చెయ్యి నాకు తగిలింది. ఒక్క తిట్టయినా తిడుతుందని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. ఆ మౌనంతో నాకు జవాబు వచ్చేసిందనుకున్నాను.

క్లైవ్ పెరట్లో, గోడలు లేని ఒక రేకుల కప్పు కింద, టార్పాలిన్ కప్పి నన్ను ఉంచారు. ఏళ్లు గడిచాయి. ఒకేరకం దరువుతో సాగే సంగీతాన్ని ఆరుబయట పెడితే పోలీసులు ఆపవచ్చని చట్టం వచ్చిందట. దరువుకు చట్టంలో నిర్వచనం రాసిన దేశం అదొక్కటేనని క్లైవ్ నవ్వేవాడు. ఒకప్పుడు దొంగతనంగా ఆడినవాళ్లు టిక్కెట్టు కొని పెద్ద పెద్ద క్లబ్బుల్లో ఆడారు. తరవాత వాళ్ల పిల్లలు ఆడారు. క్లైవ్ మోకాళ్లు అరిగిపోయాయి. ఎప్పుడైనా వైదేహి వచ్చేది. నా వైపు చూడకుండా లోపలికి వెళ్లేది. ఆ పొద్దుటి మాట ఆ పెరట్లో ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ప్రతి శీతకాలం దుప్పటి కప్పుకున్న ఆ కుప్పను చూస్తూనే ఉన్నాను.

ఇటీవల దగ్గర్లోని ఒక నగరంలో మ్యూజియం వాళ్లు ఆ రోజుల గురించి ప్రదర్శన పెడుతున్నారు. పసుపు చొక్కాలు, కరపత్రాలు, స్పీకర్లు అన్నీ పోగుచేశారు. జనరేటర్ కూడా కావాలన్నారు. ఇంజనులో చుక్క పెట్రోలు లేకుండా తీసేసి, తాడు కోసేసి ఇవ్వడానికి వైదేహి ఒప్పుకుంది. రేపు వ్యాను వస్తుందనగా మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. ఆవిడ వెనక ఒకాయన కూడా వచ్చాడు. నెరిసిన గడ్డం, కొంచెం వణికే ఎడమచెయ్యి. టార్పాలిన్ తీస్తూ ఆవిడ ఆయన్ని శశీ అని పిలిచింది.

బతికే ఉన్నాడు. అన్నేళ్లూ బతికే ఉన్నాడు, పెళ్లాం పిల్లలతో, ఉద్యోగంతో, నెరిసిన గడ్డంతో. నాకు ఏడుపే చేతనైతే ఆ రేకుల కప్పు కింద గట్టిగా ఏడ్చి ఉండేదాన్ని.

ఒకసారి నడిపి చూపించమని అడిగాడాయన. ఆవిడ కుదరదంది. రేపటినుంచి ఇది బొమ్మే కదా, ఒక్కసారి వింటానన్నాడు. చివరికి ఆవిడ ఒప్పుకుంది. నన్ను రేకుల కప్పు కింద నుంచి ఈడ్చుకెళ్లి, పెరడు నడిమధ్య, ఆకాశం కింద పెట్టింది. గాలి ఎటు వీస్తోందో వేలు తడిచేసి చూసి, పొగగొట్టం దూరంగా ఉండేలా తిప్పింది. గుక్కెడు పెట్రోలు పోసి తాడు లాగింది. ఇన్నేళ్ల తరవాత కూడా అంటుకున్నాను. ఆయన నవ్వుతూ వచ్చి, అలవాటైన చోటులాగా నేల మీద చతికిలబడి, వీపు నాకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నాలో ప్రతి మరా వణికిపోయింది. పోసిన గుక్కెడూ అయిపోయి నేను ఆగాను. ఆయన కదల్లేదు.

"ఆ పొద్దున సంగతి నాకేం గుర్తులేదక్కా. పాటలు గుర్తులేవు, జనం గుర్తులేరు. ఎచ్చగుండటం ఒక్కటే గుర్తుంది. అంత హాయిగా మళ్లీ ఎన్నడూ నిద్రపట్టలా" అన్నాడు.

"లెగు శశీ" అంది ఆవిడ.

ఉండక్కా, ఇంకా ఎచ్చగానే ఉందని గొణిగాడాయన. ఆవిడ గబగబా దగ్గరికి వచ్చింది. వంగి, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని, అంత మనిషినీ ఒక్క గుంజు గుంజి లేపింది. ఏంటక్కా నువ్వు, ఆరుబయటే కదా అని ఆయన పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ చావు దాకా వెళ్లి వచ్చినవాడికి నేనంటే పిసరంతైనా భయం లేదు. ఆ భయమంతా ఆవిడకూ నాకూ మిగిలింది. గేటు దాటి కారు ఎక్కేవరకూ ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు.